కబడ్డీ జట్టులో పీఆర్ ఉద్యోగం: ఇంటర్వ్యూకు వెళ్లేముందు ప్రెస్ నోట్లు రాసి చూడండి

కబడ్డీ లీగ్ జట్టు ఒకదానిలో పీఆర్ (ప్రజా సంబంధాల) ఉద్యోగానికి వచ్చే వారం ఇంటర్వ్యూ ఉందని, జర్నలిజం చదివినా క్రీడారంగంలో అనుభవం లేదని, ఎలా సిద్ధం కావాలో చెప్పమని అడిగారు. నేను ఒక తెలుగు దినపత్రిక స్పోర్ట్స్ డెస్కులో ఆరేళ్లు పనిచేసి ఈ రంగంలోకి వచ్చాను. మొదటి ఇంటర్వ్యూలో నన్ను తీసుకోలేదు, రెండో చోట తీసుకున్నారు.

మొదటిసారి రికార్డులన్నీ కంఠతా పట్టి వెళ్లాను. వాళ్లు ఒక్కటీ అడగలేదు. ‘మీ ప్రధాన రైడర్‌కు (కూతకు వెళ్లే ఆటగాడికి) ఈ సాయంత్రం ప్రాక్టీసులో మోకాలికి దెబ్బ తగిలింది, రేపు మ్యాచ్ ఉంది, అరగంటలో ప్రెస్ నోట్ రాయండి’ అని కాగితం ఇచ్చారు. డెస్కు అలవాటు కొద్దీ నేను ఏ లిగమెంట్ తెగి ఉంటుందో, ఎన్ని నెలలు ఆటకు దూరమవుతాడో ఊహించి రాసేశాను. స్కాన్ రిపోర్టు రాకముందే గాయం తీవ్రతను ప్రకటిస్తే అది జట్లు ఆటగాళ్లను కొనే తర్వాతి వేలంలో అతని ధరను కూడా దెబ్బతీయవచ్చని, అతని అనుమతి లేకుండా వైద్య వివరాలు బయటపెట్టకూడదని, అన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్లకు ఫోన్ వెళ్లకపోతే ఆ తల్లి టీవీ స్క్రోలింగులో చూసి తెలుసుకోవలసి వస్తుందని ప్యానెల్‌లోని ఒక మేడమ్ ఓపికగా వివరించారు. ఆ చివరి మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కాబట్టి నిజంగా జరిగినవాటినే తీసుకొని సాధన చేయండి. 2022లో ప్రో కబడ్డీ లీగ్ జట్టు తమిళ్ తలైవాస్ 2.26 కోట్ల రూపాయలకు కొన్న పవన్ సెహ్రావత్ తన తొలి మ్యాచ్‌లోనే మోకాలి గాయంతో బయటికి వెళ్లి, ఆ సీజన్ అంతా ఆటకు దూరమయ్యాడు. ఆ రాత్రి ఆ జట్టు పీఆర్ బాధ్యత మీదే అయితే మొదటి గంటలో ఏం చెబుతారో, స్కాన్ వచ్చాక ఏం చెబుతారో, సీజన్‌కు దూరమని తేలాక ఏం చెబుతారో మూడు నోట్లుగా రాయండి. 2023లో తెలుగు టైటాన్స్ అతన్ని 2.6 కోట్లకు పైగా పెట్టి తీసుకుంది; ఆ ప్రెస్ మీట్‌లో పాత గాయం గురించి విలేకరి అడిగితే ఇచ్చే జవాబు కూడా రాయండి. తెలుగులోనూ, ఇంగ్లిషులోనూ గడియారం పెట్టుకొని రాస్తేనే ఉపయోగం.

పత్రికల వేళలు తెలియడం రెండో విషయం. కబడ్డీ మ్యాచ్ 20 నిమిషాల చొప్పున రెండు భాగాలే అయినా, రాత్రి 9 గంటలకు మొదలైన ఆట ముగిసి కోచ్ మైకు ముందుకు వచ్చేసరికి పది దాటుతుంది. అప్పటికి దూరపు జిల్లాల ఎడిషన్ల పేజీలు అచ్చుకు వెళ్లిపోతూ ఉంటాయి. అందువల్ల గెలుపుకొకటి, ఓటమికొకటి నోటు ముందే రాసుకొని, స్కోరు, రైడ్ పాయింట్లు, ట్యాకిల్ (కూతకు వచ్చినవారిని పట్టినందుకు వచ్చే) పాయింట్ల దగ్గర ఖాళీలు వదిలి, విజిల్ మోగగానే నింపి పంపాలి. ఓటమి నోటును ఎక్కువ శ్రద్ధగా రాయండి. ఎవరికీ రాయబుద్ధి కాదు గనుక అదే ఎప్పుడూ పేలవంగా ఉంటుంది.

రెండో ఇంటర్వ్యూకు నేను తీసుకెళ్లింది ఒకే ఒక్క పేజీ. హర్యానా, మహారాష్ట్ర, ఇరాన్ ఆటగాళ్ల పేర్లు మన పత్రికల్లో ఒక్కోచోట ఒక్కోలా అచ్చవుతుంటే డెస్కులో ఎంత ఇబ్బంది పడేవాళ్లమో నాకు తెలుసు. ఆటగాళ్లు తమ పేరు తామే పలికిన వీడియోలు విని, జట్టు మొత్తం పేర్లను తెలుగు లిపిలో రాసి ఇచ్చాను. ప్యానెల్ ఎక్కువసేపు మాట్లాడింది దాని గురించే.

దుస్తులు, రెజ్యూమె సంగతి ఏ ఉద్యోగానికైనా ఒకటే. చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు మాత్రం జీతం కంటే ముందు, రాత్రి పదకొండు గంటలకు యజమాని, కోచ్ ఇద్దరూ ఫోన్ ఎత్తకపోతే ప్రెస్ నోట్‌కు అనుమతి ఎవరు ఇస్తారని అడగండి. స్పష్టమైన సమాధానం రాని చోట, ఆలస్యమైన ప్రతి నోటుకూ జవాబు చెప్పవలసింది మీరే అవుతారు.