న్యాయ సలహాలు: లాడ్జిలో దొరికినవాడి మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడు లారీ డ్రైవరు. చీమకుర్తి గ్రానైట్ వేసుకుని చెన్నై పోతూ దారిలో ఒక లాడ్జిలో ఒకామెతో పోలీసులకు దొరికాడు. ఆమె మేజరే, ఇష్టపడే వచ్చిందట. మర్నాడు పేపర్లో ‘ఇద్దరు విటుల అరెస్టు’ అని పేరూ ఊరూ వేశారు. మరదలు పుట్టింటికెళ్ళిపోయింది. నేరం ఒప్పేసుకుని ఫైను కట్టేస్తే పీడ వదులుతుందంటున్నారు. నిజమేనా?
– ఓ పాఠకుడు, కావలి

జవాబు: తొందరపడి ఒప్పుకోవద్దనండి. ఫైనుతో పోయిందనుకుంటారు గానీ కోర్టు లెక్కలో అది శిక్ష పడ్డట్టే. రేపు ఏ ఉద్యోగానికో పోలీసు వెరిఫికేషన్ వస్తే బయటికొస్తుంది.

ముందు ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చి సెక్షన్లు చూడండి. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం కింద దొరికిన అందరికీ కలిపి 3, 4, 5 రాసేయడం మామూలు. 3 అలాంటి ఇల్లు నడిపేవాళ్ళకు, 4 ఆ సంపాదన మీద బతికేవాళ్ళకు, 5 మనుషులను ఆ వృత్తిలోకి దించేవాళ్ళకు. డబ్బిచ్చి వచ్చినవాడు ఈ మూడింటి కిందికీ రాడని 2014లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు తేల్చింది. దాన్ని చూపించి, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 528 కింద కేసు కొట్టేయమని హైకోర్టులో పిటిషన్ వేయొచ్చు. అయితే 2025లో కేరళ హైకోర్టు, కస్టమరుకు 5(1)(డి), అంటే ఒకరిని ఆ పనికి పురిగొల్పడం, వర్తిస్తుందని చెప్పింది. అది మన కోర్టులు పాటించి తీరాల్సింది కాదు గానీ, అవతలి లాయరు దాన్ని తప్పకుండా ఎత్తుతాడు.

చిక్కు సెక్షన్ 7తో. గుడి, బడి, ఆసుపత్రి లాంటివాటికి 200 మీటర్ల లోపు అయితే ఆమెతో పాటు ఆయనకూ మూడు నెలల దాకా జైలు. (మన ఊళ్ళలో గుడికి 200 మీటర్లు దాటిన లాడ్జి ఎక్కడుంటుంది చెప్పండి!) దూరం కొలిచారా, మధ్యవర్తుల రిపోర్టులో (సోదా సాక్షులు సంతకం పెట్టే కాగితం) అది రాశారా అన్నది లాయరుతో చూపించండి. వారంటు లేని సోదా అయితే సెక్షన్ 15 ప్రకారం ఇద్దరు సాక్షులు, వాళ్ళలో ఒక ఆడమనిషి, ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. సంతకాలు స్టేషన్లో తర్వాత పెట్టించుకున్న కేసులు అక్కడే బీటలు వారతాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆమె మైనరైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు. ఎవరో అమ్మేసి తెచ్చిన మనిషి అని తెలిసి గానీ, తెలిసే ఆధారాలుండి గానీ వెళ్ళినా బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 144 కింద మూడు నుంచి ఏడేళ్ళు. ‘ఆమె ఒప్పుకుంది’ అన్న మాట అక్కడ చెల్లదు.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవాధికార సంస్థది.

ప్రశ్న: కొనేవాణ్ణే లోపలేస్తే వ్యాపారం దానంతటదే ఆగదా?
– ఒక ఉపాధ్యాయిని, ఒంగోలు

జవాబు: స్వీడన్ 1999 నుంచి చేస్తున్నది అదే. అమ్మేవాళ్ళను వదిలి కొనేవాళ్ళనే శిక్షిస్తుంది. నార్వే 2009లో, ఫ్రాన్స్ 2016లో అదే బాట పట్టాయి. న్యూజిలాండ్ మాత్రం 2003లో ఇద్దరినీ నేరం నుంచి తప్పించింది. మన దగ్గర కస్టమరును శిక్షించే సవరణ బిల్లు 2006లో పెట్టారు. 2009లో లోక్‌సభతో పాటే అదీ మురిగిపోయింది.

గిరాకీ లేకపోతే ఆడపిల్లలను ఎత్తుకొచ్చేవాళ్ళు ఉండరన్న మీ వాదనలో బలం ఉంది. కానీ సెక్స్ వర్కర్లు అడిగే ప్రశ్న వేరు. రెయిడు భయంతో వచ్చినవాడు లాడ్జి వదిలి హైవే పక్క చీకట్లోకి రమ్మంటాడు, తొందరపెడతాడు. కండోమ్ సంగతి మాట్లాడే వ్యవధే ఉండదు. మేజరు ఇష్టపడి చేసే ఈ పనిలో పోలీసులు జోక్యం చేసుకోకూడదని సుప్రీంకోర్టు వేసిన కమిటీ సిఫారసు చేసింది. కండోమును నేర సాక్ష్యంగా చూపకూడదనీ, రెయిడులో వాళ్ళ ఫొటోలు వేయకూడదనీ 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది. ఇష్టపడి వచ్చినవాళ్ళనూ తెచ్చి పడేసినవాళ్ళనూ ఒకే గాటన కట్టే చట్టం ఎవరికీ మేలు చేయదని మా అభిప్రాయం.

ప్రశ్న: మా ఆయన అలాంటి చోటికి వెళ్ళొచ్చాడని తెలిసింది. నాకేమైనా వస్తుందా?
– పేరు వద్దు

జవాబు: భయపడకండమ్మా. ఆయన వెళ్ళి 72 గంటలు దాటకపోతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. హెచ్ఐవీ రాకుండా 28 రోజుల మందులిస్తారు. దాటిపోతే ఇద్దరూ ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రం) హెచ్ఐవీ పరీక్ష, దాంతో పాటు సిఫిలిస్ పరీక్ష చేయించుకోండి. నెగెటివ్ వచ్చినా మూడు నెలలకు మళ్ళీ చేయించాలి, అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి. పరీక్ష ఉచితం. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మామూలుగా మీ అనుమతి లేకుండా ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి, అది ఎయిడ్స్ హెల్ప్‌లైన్.