అరికాలి మచ్చ, విదేశీ యానం

అమెరికాకి కొత్తగా వచ్చి, మా ఇంటికి భోజనానికొచ్చే పిల్లలు వీసా గురించీ క్రెడిట్ స్కోరు గురించీ అందరి ముందూ అడుగుతారు. చర్మం సంగతి మాత్రం చేతులు కడుక్కునే చోట, గొంతు తగ్గించి: "అన్నయ్యా, ఈ మచ్చ ఒకసారి చూస్తారా?" నేను డాక్టర్ని కాను. నా ముక్కు పక్కనున్న గీత చూసి అడుగుతారంతే.

అక్కడ మిరియపు గింజంత నల్లటి బుడిపె ఉండేది. రెండేళ్ళు పులిపిరి అనుకున్నాను. షేవింగ్ చేస్తుంటే రక్తం వచ్చేది, బ్లేడు తప్పనుకున్నాను. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే (బయాప్సీ) బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. మన రంగువాళ్ళకి చర్మ క్యాన్సర్ రాదనే మాట సగమే నిజం. తెల్లవాళ్ళతో పోలిస్తే మనకి చాలా తక్కువే. కానీ వాళ్ళకి గులాబీ రంగులో కనబడేది మనకి తరచూ నల్లగా, పుట్టుమచ్చలా ఉంటుంది. అందుకే ఆలస్యంగా బయటపడుతుంది.

చర్మ క్యాన్సర్లలో బాగా ప్రమాదకరమైన మెలనోమా మనలాంటి వాళ్ళకి ఎండ తగలని చోట కూడా వస్తుంది: అరికాలు, అరచేయి, గోటి కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి 1977లో కాలి బొటనవేలిలో అదే బయటపడింది. 1981లో 36 ఏళ్ళకే పోయాడు. మన పుట్టుమచ్చల శాస్త్రంలో అరికాలి మచ్చకి విదేశీ యానం రాసి ఉంటుంది. యానం అయిపోయింది కదా, ఇక అది కొత్తగా వచ్చినా, పెరుగుతున్నా డాక్టరుకి చూపించండి. గోళ్ళ మీద సన్నటి నల్ల చారలు మనలో చాలామందికి మామూలే. ఒక్క గోటికే వచ్చి వెడల్పవుతుంటే, నలుపు చుట్టూ చర్మానికి పాకుతుంటే ఆగకండి. నెల దాటినా మానని పుండూ, పాత కాలిన మచ్చ మీద లేచిన పుండూ అంతే.

"కత్తి పెడితే పాకుతుందిరా" అని మా అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. పాకదు. బయాప్సీ చేస్తేనే అదేమిటో తెలిసేది. నాకు చేసింది మోజ్ సర్జరీ. విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోజ్ 1930లలో మొదలుపెట్టిన పద్ధతి. ఆ చోటు వరకే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పలచటి పొర కోసి, అంచులన్నీ మైక్రోస్కోపులో చూస్తారు. ఇంకా మిగిలుంటే మిగిలినచోటే మరో పొర. మొదటిసారి వచ్చిన బేసల్ సెల్‌కి ఇలా చేస్తే 99 శాతం దాకా నయమవుతుంది. కోత కంటే ఎదురుచూపే ఎక్కువ. నాకు రెండు పొరలకి మధ్యాహ్నం దాటింది. పులిహోర డబ్బా, ఫోన్ ఛార్జరు, వెనక్కి కారు నడిపే మనిషి తప్పనిసరి. అద్దంలో గుంట చూసి కంగారుపడకండి, బుడిపె కంటే అది పెద్దగానే ఉంటుంది.

సర్జరీ ఉందని రక్తం పలచబడే మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ఊరి నుంచి తెచ్చుకున్న ఆయుర్వేదం మాత్రలు, వెల్లుల్లి, పసుపు క్యాప్సూల్స్ కూడా డాక్టరుకి చెప్పాలి. చెవి కుట్టినచోట గడ్డలా లేచిన మచ్చ ఉంటే అదీ చెప్పండి. ఇంటికొచ్చాక గాయం మీద పసుపు అద్దొద్దు. వాళ్ళు చెప్పినట్టు కడిగి, వాసెలిన్ రాసి, కట్టు కట్టడమే.

బిల్లు సంగతి. మీ ఇన్సూరెన్స్ హెచ్‌ఎంఓ రకం ప్లానైతే ముందు ఫ్యామిలీ డాక్టరు రిఫరల్ కావాలి. నా డాక్టరు ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లోనే ఉన్నాడు, ముక్కని పరీక్షించిన ల్యాబు అందులో లేదు. నాకు విడిగా బిల్లొచ్చింది. ముందే అడగండి. అందం కోసం పులిపిర్లు తీయించుకుంటే మామూలుగా మన జేబులోంచే.

అసలు మనవాళ్ళు ఎక్కువ దెబ్బతినేది అందం దగ్గరే. వెంట్రుకలు తీసే లేజర్లన్నీ ఒకటి కావు. ఐపీఎల్ అనే వెలుతురు యంత్రం వెంట్రుక నలుపుతో పాటు చర్మం నలుపునీ పట్టుకుంటుంది, చామనఛాయ వాళ్ళకి బొబ్బలెక్కి మచ్చలు మిగలొచ్చు. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ మనకి నయం. ఏ మెషీనో, ఎవరు చేస్తారో అడిగి, ముందు చిన్నచోట చేయించి చూడండి. మంగుకి లేజర్ అంటే ఇంకా జాగ్రత్త, ఒక్కోసారి ఇంకా నల్లబడుతుంది. దానికి రంగు కలిపిన, ఐరన్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ మేలు. మామూలు వెలుతురు కూడా మంగుని పెంచుతుంది మరి. సూట్‌కేసులో వచ్చే తెల్లబడే క్రీముల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్ర నరాలు తేలతాయి. కొన్నిట్లో పాదరసం కూడా ఉంటుంది. మచ్చల నలుపు తగ్గించే హైడ్రోక్వినోన్ మందుని ఇక్కడ 2020 నుంచీ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు.

మొన్నొక చెల్లాయి, పెళ్ళికి రెండు వారాలుందనగా, మొహానికి గట్టి పీల్ (మందు రాసి పై చర్మం ఊడగొట్టడం) చేయించుకుంటానంది. వద్దన్నాను, చర్మం కమిలితే ఆ నలుపు పోవడానికి నెలలు పడుతుందని. కాసేపు అలిగింది. ప్యాకేజీకి కట్టిన అడ్వాన్సు తిరిగి రాలేదుట.