ఏటా గెత్తం వేస్తున్నా మా ఎర్ర నేలలో కర్బనం ఎందుకు పెరగడం లేదు?

విశాఖ పక్కన ఆనందపురం దగ్గర గరువు నేలకి ఏటా పశువుల గెత్తం (పెంట ఎరువు) తోలిస్తున్నా భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 'తక్కువ' అనే వస్తోందని, అరకులో ఏమీ వెయ్యకుండానే నేల బలంగా ఉంటుందని అడిగారు. మీ గెత్తంలో లోపం ఉందని నేననుకోను. పద్మనాభం వైపు మాకూ జీడితోట ఉంది, అత్తవారి భూమి పాడేరు వైపు. రెండు చోట్లా మట్టి పరీక్ష చేయించి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ముందు రంగు సంగతి వదిలెయ్యండి. మన్యం మట్టీ ఎర్రనిదే, మీదీ ఎర్రనిదే. రెండూ ఎక్కువగా ఖోండలైట్ రాయి శిథిలమై వచ్చినవే. అసలు తేడా వేడిలో ఉంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, మన కంటే ఐదారు డిగ్రీలు చల్లన. తేమ ఉన్నంతసేపూ మట్టిలోని సూక్ష్మజీవులు ఆకునీ గెత్తాన్నీ తింటూనే ఉంటాయి. పది డిగ్రీల వేడి పెరిగితే ఆ తిండి వేగం దాదాపు రెట్టింపు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి మా తోటలో ఆకూ రెమ్మా మందంగా పరుచుకుపోయాయి. తర్వాతి వానాకాలం ముగిసేసరికి ఆకు జాడే లేదు, రెమ్మలే మిగిలాయి. 1960లో వెలువడిన పరిశీలనలో నేల శాస్త్రవేత్తలు హాన్స్ జెన్నీ, రాయ్‌చౌధురి మన దేశపు నేలల గురించి చెప్పిందీ ఇదే: వాన పెరిగేకొద్దీ నేలలో నత్రజని, సేంద్రియ పదార్థం పెరుగుతాయి, వేడి పెరిగేకొద్దీ తగ్గుతాయి, దున్నిన నేలలో ఇంకా తగ్గుతాయి. అన్నట్టు, అరకులో ఏమీ వెయ్యరన్నది నిజం కాదండి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ ఆకు ఏటా రాలి పడుతూనే ఉంటుంది. అదే మన్యంలో పోడు కొట్టిన వాలు మీద మట్టి చూడండి, ఎంత పలచబడిందో.

ఇక ఖనిజాలు. సూక్ష్మజీవులు నమిలి వదిలిన పదార్థం బంకమట్టి రేణువులకీ, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లకీ అంటుకుంటేనే ఏళ్ల తరబడి నిలుస్తుంది. అంటుకోవడానికి చోటు కావాలి. నల్లరేగడిలోని స్మెక్టైట్ అనే బంక ఖనిజానికి గ్రాముకి 600 నుంచి 800 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటే, మన ఎర్ర నేలల్లోని బంక ఖనిజం కయోలినైట్‌కి ఇరవై లోపే. ఇనుము ఆక్సైడ్లు ఆ లోటు కొంత పూడుస్తాయి గానీ భీమిలి వైపు నేలల్లో ఇసుకే ఎక్కువ. ఎర్రమట్టి దిబ్బల్లో ఎరుపు కూడా ఇసుక రేణువు మీద పలచటి ఇనుము పూతే. అలాగని నల్ల నేల అంటే కర్బనం నిండుగా ఉందనీ అనుకోవద్దు. వాన తక్కువ చోట రేగడి కూడా పరీక్షలో 0.5 శాతం దాటదు.

నత్రజని దీనికి తోడుగానే నడుస్తుంది. నేలలో కుదురుకున్న సేంద్రియ పదార్థంలో పది పన్నెండు పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. అందుకే నత్రజని బాగా తక్కువుండే ఎండుగడ్డి ఒక్కటే కలిపితే సూక్ష్మజీవులు ఉన్న నత్రజనిని కాస్తా లాగేసుకుని పైరు పసుపెక్కుతుంది. యూరియా వేస్తే నైట్రేటుగా మారి, ఇసుక నేలలో నీరు తొందరగా దిగిపోతుంది కాబట్టి పెద్ద వానకి కిందికి జారిపోతుంది. కాస్త కాస్తగా విడతల్లో వెయ్యండి.

మా దగ్గర పని చేసింది గెత్తం కంటే చెరువు మట్టి. వేసవిలో చెరువు పూడిక తీసినప్పుడు తోలించుకుంటే నేలకి లేని బంక వస్తుంది, ఆపైన వేసిన గెత్తం నిలుస్తుంది. తొలకరికి జీలుగ చల్లి పూతకి ముందే కలియదున్నుతాం. రాలిన జీడాకు తగలబెట్టం. వేసవి దుక్కులు మానేశాం, దీనికి మా పాలేరు ఇప్పటికీ ఒప్పుకోడు. కర్బనం 0.5 దాటి 'మధ్యస్థం' గడిలోకి వచ్చింది, అదీ చెట్ల నీడ ఉన్న వైపే. మన ఎండకి 0.75 దాటించి 'ఎక్కువ' గడిలోకి తేవాలని మాత్రం డబ్బు పోయకండి.

పరీక్షకి మట్టి ఏటా ఒకే నెలలో, 15 సెంటీమీటర్ల లోతు వరకు, పైనున్న ఆకూ గెత్తం ముక్కలూ పక్కకి తీసేసి, ఒకే ల్యాబుకి ఇవ్వండి. గెత్తం వేసిన వెంటనే తీసిన మట్టిలో అంకె ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మలేం.