బిట్‌కాయిన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఉంచాలా, మన దగ్గరా?

ప్రశ్న: మాది విజయనగరం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, ఐటీ ఉద్యోగం. మూడేళ్లుగా కొన్న బిట్‌కాయిన్ విలువ ఇప్పుడు సుమారు రూ.6 లక్షలు. అంతా ఒకే ఎక్స్‌ఛేంజ్‌లో (బిట్‌కాయిన్ కొని అమ్మే ఆన్‌లైన్ వేదికలో) ఉంది. సొంత వాలెట్‌కు మార్చుకోమని స్నేహితులు పోరుతున్నారు. నాకేమో పాస్‌వర్డ్‌లు గుర్తుండవు. ఏం చేయమంటారు?

జవాబు: మీ స్నేహితుల భయం ఉత్తదేం కాదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్‌ఛేంజ్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల ఆస్తులు కొట్టేశారు. ఒకరి డిజిటల్ సంతకంతో తెరుచుకునే వాలెట్ కూడా కాదది, పలువురు ఒప్పుకుంటేనే తెరుచుకునేది. ఖాతాదారులు ఏడాదికి పైగా కాయిన్లు బయటికి తీసుకోలేకపోయారు. చెన్నై నుంచి డబ్బు పెట్టిన ఒకరు కోర్టుకెళ్తే, క్రిప్టో కూడా ఆస్తేనని మద్రాసు హైకోర్టు 2025 అక్టోబరులో చెప్పింది. మంచిదే, కానీ ఆ దాకా ఎవరు తిరుగుతారు? బ్యాంకు డిపాజిట్‌కుండే రూ.5 లక్షల బీమా కూడా దీనికి లేదు.

సొంత వాలెట్ అంటే, మీ కాయిన్లకు తాళంచెవిలాంటి 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు. అవి పోతే, వాలెట్ ఉన్న పరికరం పాడైన రోజున ఫోన్ చేయడానికి కస్టమర్ కేర్ ఉండదు. మరొకరి కంటపడితే కాయిన్లు వాళ్లవే. మీ విషయంలో హ్యాకర్ కంటే మీ మతిమరుపే నాకు ఎక్కువ టెన్షన్.

కాబట్టి రూ.4 లక్షల వరకు హార్డ్‌వేర్ వాలెట్‌కు (ఆ తాళంచెవిని దాచే చిన్న పరికరానికి) మార్చండి, మిగతాది ఎక్స్‌ఛేంజ్‌లోనే ఉండనివ్వండి. (క్రిప్టోలో ఇంత డబ్బు పెట్టాలా అన్నది మీరు అడగలేదు, నేనూ ఎత్తను.) పరికరాన్ని తయారీ కంపెనీ సైట్‌లోనే కొనండి. ముందు ఒక వెయ్యి రూపాయల కాయిన్ పంపి, పరికరాన్ని రీసెట్ చేసి, కాగితం మీద రాసుకున్న పదాలతోనే మళ్లీ తెరవండి. ఇది కుదిరాకే మిగతాది. ఈ పదాలు 2048 పదాల ఒక స్థిరమైన జాబితాలోంచి వస్తాయి, అందులో ఏ రెండింటికీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. ఆ నాలుగు అక్షరాలు చదవగలిగేలా రాస్తే చాలు.

కాగితాలు రెండు రాసి, ఒకటి బెంగళూరులో బ్యాంకు లాకర్లో, రెండోది విజయనగరంలో అమ్మానాన్నల బీరువాలో సీల్ చేసిన కవర్లో పెట్టండి. సగం పదాలు ఒకచోట, సగం ఇంకోచోట అనే తెలివి వద్దు, ఏ సగం పోయినా మొత్తం పోతుంది. ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో పంపొద్దు. మీ ఆవిడకు ఆ పదాలు తెలియక్కర్లేదు గానీ, కవర్ ఎక్కడుందో, దాంతో ఏం చేయాలో మాత్రం తెలియాలి.

మార్చే ముందు ఎక్స్‌ఛేంజ్ నుంచి కొనుగోలు స్టేట్‌మెంట్లన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. అమ్మినప్పుడు లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్ కట్టాలి. ఎంతకు కొన్నారో రుజువు చేయాల్సింది మీరే.