ఫైనల్ ఫాంటసీ: ఒకటో నంబర్‌తో మొదలుపెట్టి రెండో నంబర్ దగ్గర చేతులెత్తేసినవాడి జవాబు

"ఫైనల్ ఫాంటసీ వీడియో గేముల్లో 16 నంబర్లున్నాయి, అన్నీ వరసగా ఆడాలా? నేరుగా కొత్తది ఆడితే కథ అర్థమవుతుందా? నాకు రోజుకు గంటకు మించి దొరకదు, చేతివేగం కూడా అంతంత మాత్రమే" అని మీరు అడిగారు. ముందు జవాబు చెప్పేస్తాను: 10తో మొదలుపెట్టండి. అదే ఎందుకు, ఎవరికి అది పడదు అన్నది తీరిగ్గా రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

మీ మొదటి భయం తీసేద్దాం. ఈ నంబర్లు సీరియల్ ఎపిసోడ్ల నంబర్ల లాంటివి కావు. ప్రతి నంబర్‌కీ కొత్త ప్రపంచం, కొత్త మనుషులు, కొత్త కథ. 6 ఆడకుండా 7 ఆడితే మీరు పోగొట్టుకునేదేమీ ఉండదు. చాలావాటిలో మళ్లీ మళ్లీ కనిపించేవి కొన్ని ఉంటాయి: గుర్రంలా ఎక్కి తిరిగే చొకోబో పక్షులు, మూగుల్స్ అనే చిన్ని బొచ్చు జీవులు, ఎగిరే ఓడలు, సిడ్ అనే పేరుతో ఎవరో ఒకరు, ఇఫ్రిట్, షివా, బహముత్ లాంటి శక్తులు. ఇవి చుట్టపుచూపుగా వచ్చి పోతాయి, అంతే. కథ నిజంగా కొనసాగేది 10కి 10-2, 13కి దాని తర్వాతి రెండు ఆటలు, అలాంటి చోట్ల మాత్రమే. అసలు నంబర్ల మీద నమ్మకం పెట్టుకోకూడదనడానికి ఒక ముచ్చట చెప్తాను. 1990ల్లో అమెరికాలో 4ని "2" అనే పేరుతో, 6ని "3" అనే పేరుతో అమ్మారు. మధ్యలోవి అక్కడ రాలేదు కాబట్టి. అక్కడ ఆ ఆటలు ఆడి పెరిగినవాళ్లు 3 తర్వాత ఒక్కసారిగా 7 చూశారు, అయినా ఎవరికీ కథ తెగలేదు.

ఇది తెలిసి కూడా నేను 1తోనే మొదలుపెట్టాను. ఏదైనా పుస్తకం మొదటి పేజీ నుంచి చదవకపోతే నాకు నిద్రపట్టదు, ఆ జబ్బు ఇక్కడా పనిచేసింది. 1 నుంచి 6 దాకా ఉన్న పిక్సెల్ రీమాస్టర్లు, అంటే పాత ఆటలకే కొత్త మెరుగులు దిద్దిన వెర్షన్లు, పీసీలో తీసుకుని కూర్చున్నాను. 1987 నాటి మొదటి ఆట నిజానికి బాగానే ఉంది. నలుగురు యోధులు, వాళ్లకు పేర్లు కూడా మనమే పెట్టాలి, ఎవరు కత్తి పట్టాలో ఎవరు మంత్రాలు నేర్వాలో మనమే తేల్చాలి. ఇటు వెళ్లు, అటు వెళ్లు అని చెయ్యి పట్టుకుని నడిపించేవాడు ఉండడు. ఊళ్లో జనం అనే మాటల్ని పట్టుకుని దారి వెతుక్కోవాలి. చిన్న ఆట, ముగించేశాను.

2 దగ్గర నా తల ప్రాణం తోకకు వచ్చింది. అందులో పాత్ర మొత్తం బలాన్ని చెప్పే లెవెల్ అనేదే లేదు. ఏది వాడితే అది పెరుగుతుంది: కత్తి వాడితే కత్తి నైపుణ్యం, దెబ్బలు తింటే ప్రాణం. వినడానికి ఎంత తెలివైన ఆలోచన! ఆచరణలో ఏమవుతుందంటే, శత్రువుల చేత కొట్టించుకునే బదులు మనవాళ్లని మనమే కొట్టుకుంటే త్వరగా పెరుగుతామని ప్రతి ఆటగాడికీ ఒకరోజు తడుతుంది. నాకూ తట్టింది. వరసగా నాలుగు సాయంత్రాలు నా నలుగురి చేతా ఒకరినొకరు తన్నించాను. గుహల్లోనేమో తలుపుల వరసలు, ఎక్కువ భాగం వట్టి గదుల్లోకే తెరుచుకుంటాయి, లోపలికి అడుగు పెట్టగానే గది నడిమధ్యలో దిగి బయటపడేలోపు శత్రువుల మూక. అయిదో సాయంత్రం ఆట తెరవలేదు. ఆరో సాయంత్రమూ తెరవలేదు. అలా రెండేళ్లు గడిచాయి. ఫైనల్ ఫాంటసీ నాకు పడదని నలుగురికీ చెప్పుకుని తిరిగాను కూడా.

మా పెద్దమ్మ కొడుకు ఒకాయన ఉన్నాడు, అన్నయ్య అంటాను. ఆయన ఇది విని, "పరీక్షకి చదువుతున్నట్టు ఆడతావేంట్రా?" అని తన దగ్గరున్న 10, 10-2 హెచ్‌డీ రీమాస్టర్ చేతిలో పెట్టాడు. ఆ ఒక్క ఆట వల్లే ఈ సిరీస్‌లో ఇప్పటిదాకా పది ఆటలు ఆడాను.

10 ఎందుకంటే, మొదటి కారణం కథానాయకుడు. టీడస్ అనే కుర్రాడు జానార్కండ్ అనే మహానగరంలో పేరున్న ఆటగాడు. అరగంట తిరక్కుండానే ఊరు పేరు తెలియని లోకంలో వచ్చి పడతాడు. ఈ గుడి ఏమిటి, ఈ ప్రార్థన ఏమిటి, అందరూ భయపడే ఆ "సిన్" ఏమిటి, ఏమీ తెలియదు. మనకూ తెలియదు. కాబట్టి మనం అడగాల్సిన ప్రతి ప్రశ్నా వాడే అడుగుతాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుకుంటూనో విసుక్కుంటూనో చెప్తారు. 16 లాంటి వాటిలో రాజ్యాల పేర్లు, రాజకీయాలు గుర్తుపెట్టుకోవడానికి ఆట మధ్యలోనే ఒక వివరాల పట్టిక తెరుచుకునే ఏర్పాటు చేశారు. ఇక్కడ ఆ అవసరమే రాదు. కథంతా యూనా అనే అమ్మాయి చేసే యాత్ర, ఒకే దారి. ఎడమకా కుడికా అన్న టెన్షన్ లేదు. ఇది మరీ సొరంగంలా ఉందని తిట్టేవాళ్లున్నారు, వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కానీ రోజుకు గంట ఆడేవాడికి, నిన్న ఎక్కడ ఆపానో గుర్తులేనివాడికి, ఆ సొరంగమే వరం.

రెండో కారణం యుద్ధం. మీ వంతు వచ్చిందంటే కాలం ఆగిపోతుంది. మీరు ఫోన్ మాట్లాడి వచ్చినా శత్రువు అలాగే నిలబడి ఉంటుంది. తెర పక్కన ఎవరి తర్వాత ఎవరి వంతో వరసగా బొమ్మలు కనిపిస్తాయి. మీరు ఎంచుకునే పనిని బట్టి ఆ వరస కళ్లముందే మారుతుంది. చేతివేగం తక్కువన్నారు కదా, ఇక్కడ దాంతో పనే లేదు. ఇంకో మంచి సంగతి, యుద్ధం మధ్యలోనే జట్టులో ఎవరినైనా మార్చుకోవచ్చు. ఎగిరేదాన్ని వాకా బంతితో కొట్టాలి, జెల్లీ ముద్దల్లాంటి వాటిని లులూ మంత్రాలతో కరిగించాలి, తోడేళ్లలా గంతులేసేవి టీడస్‌కి, గట్టి పెంకువి ఆరన్‌కి. మొదటి కొన్ని గంటల్లో ఆట ఒక్కొక్కరిని పరిచయం చేస్తూ ఈ పాఠం చెప్పేస్తుంది. చేతిలో ఎవరున్నారో, ఎదురుగా ఎవరున్నారో చూసి జోడీ కలపడం, ఈ సిరీస్‌లో సగం మజా అదే. ఒక్క వంతు తీసుకున్నవాడికి కూడా పూర్తి అనుభవం వస్తుంది. కాబట్టి ప్రతి యుద్ధంలో అందర్నీ ఒకసారి లోపలికి పిలిచి పంపండి.

పాత్రల బలాలు పెంచుకునే స్ఫియర్ గ్రిడ్ అనే పెద్ద బొమ్మ తెరుచుకున్నప్పుడు కంగారు పడకండి. స్టాండర్డా, ఎక్స్‌పర్టా అని మొదట్లో అడిగితే స్టాండర్డ్ అనండి, ఎవరి దారి వాళ్లకు వేసే ఉంటుంది. ఆటను సేవ్ చేసుకునే సేవ్ స్ఫియర్ కనిపిస్తే ముట్టుకోకుండా దాటొద్దు, అది ప్రాణాన్నీ మంత్రశక్తినీ నింపేస్తుంది. లూకా అనే ఊళ్లో బ్లిట్జ్‌బాల్ అనే నీళ్లలో ఆడే బంతాట మ్యాచ్ వస్తుంది, మన జట్టు పరమ అధ్వానం. నేను గెలవాలని ఒక ఆదివారమంతా తగలేశాను. ఓడినా కథ ఆగదని తర్వాత తెలిసింది. మీరు హాయిగా ఓడిపోండి.

లోపాలు లేవని కాదు. 2001 నాటి ఆట, నంబర్ ఉన్న ఆటల్లో పాత్రలకు గొంతులు పెట్టింది ఇందులోనే మొదలు. ఇంగ్లీషు మాటలకు పెదవులు కలవవు, కొన్ని సీన్లలో మాటలు ఎబ్బెట్టుగా ఉంటాయి. టీడస్ పగలబడి నవ్వే సీన్ ఒకటుంది, ఇంటర్నెట్‌లో దాన్ని వెక్కిరించనివాడు లేడు. అక్కడి సందర్భం తెలిస్తే అది కావాలనే నవ్వే దొంగ నవ్వు అని అర్థమవుతుంది, అయినా ఇంట్లో ఎవరైనా ఉంటే సౌండ్ తగ్గించుకోండి. ప్రధాన కథకు నాకు దాదాపు 50 గంటలు పట్టింది. మీ లెక్కన రెండు నెలలు.

ఇక 10 ఎవరికి పడదు? వంతులు వంతులుగా కొట్టుకోవడం చూస్తేనే ఆవలింతలు వచ్చేవాళ్లకు. వాళ్లు 16 ఆడొచ్చు. 2023లో వచ్చింది, దాని పోరాటాన్ని తీర్చిదిద్దినాయన అంతకుముందు డెవిల్ మే క్రై 5 అనే వేగమైన కొట్లాట ఆటకి పనిచేసినవాడు, ఆ వేగం కనిపిస్తుంది. మీలాంటి, నాలాంటి నెమ్మది చేతుల కోసం దెబ్బ తప్పించుకునే పని తనే చూసుకునే ఉంగరం లాంటివి మొదట్లోనే ఇస్తారు. కాకపోతే జట్టు నడపడం, ఎవరికి ఏ ఆయుధం అని బుర్ర గోక్కోవడం ఇందులో చాలా తక్కువ. అది నచ్చితే 16 నచ్చినట్టు, తక్కినవి నచ్చుతాయని హామీ లేదు.

7 సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అందరూ మిమ్మల్ని అటే తోస్తారు. 2020లో వచ్చిన రీమేక్ చూడటానికి అద్భుతం. కానీ అది 1997 నాటి 7లో కొద్ది గంటల్లో దాటిపోయే మిడ్‌గార్ నగరం భాగాన్ని మాత్రమే తీసుకుని ఒక పూర్తి ఆటగా సాగదీసింది. పైగా పాత కథ తెలిసినవాడితో మాట్లాడుతున్నట్టు కొన్ని మలుపులు తిప్పుతుంది. నాతో పాటు చూస్తున్న మిత్రుడికి పాత 7 తెలియదు. నేను గుటకలు మింగిన చోట అతను "ఎవరితను?" అని అడిగాడు. డబ్బాల్లాంటి చేతులున్న పాత బొమ్మల్ని భరించగలిగితే ముందు 1997దే ఆడండి. ఇప్పటి పీసీ, కన్సోల్ వెర్షన్లలో వేగం మూడు రెట్లు పెంచుకోవచ్చు, దారిలో తగిలే యుద్ధాలు ఆపేసుకోవచ్చు.

8తో మాత్రం మొదలుపెట్టకండి. అందులో మీ లెవెల్ పెరిగితే శత్రువుల లెవెలూ పెరుగుతుంది. నేను పాత అలవాటు కొద్దీ గంటల తరబడి కొట్లాడి బలం పెంచుకున్నాననుకుంటే, ఆట ఇంకా కష్టమై కూర్చుంది. మంత్రాల్ని వాడకుండా దాచి ఒంటికి తగిలించుకోవాలన్నది నాకు ఎక్కేసరికి సగం అయిపోయింది. రెండోసారి ఆడితే అబ్బ అనిపించే ఆట, మొదటిసారి ఆడితే తలనొప్పి.

మిగతావి గబగబా. 12లో మీ వాళ్లు ఏ పరిస్థితిలో ఏం చేయాలో ముందే నియమాలు రాసిపెడతారు, కోడింగ్ చేసేవాళ్లకు పిచ్చెక్కుతుంది. 13 చాలాసేపటి దాకా పట్టాల మీద రైలు. 15 తెరవగానే ఇది అభిమానులకూ కొత్తవాళ్లకూ అని రాసి చూపిస్తుంది, తీరా కథలో కొంత భాగాన్ని ఒక సినిమాలో, ఒక యానిమేలో పెట్టారు. అయినా నలుగురు స్నేహితులు కారేసుకుని తిరగడం బాగుంటుంది. 14 ఆన్‌లైన్ ఆట, 70వ లెవెల్ దాకా గడువు లేకుండా ఉచితంగా ఆడనిస్తున్నారు. గొప్ప కథ, కానీ రోజుకు గంటతో దాని పొలిమేర కూడా దాటలేరు.

10 అయ్యాక 6కి వెళ్లండి. 1994 నాటిది, 14 మంది ఆడదగ్గ పాత్రలు, వాళ్లలో ఫలానావాడే కథానాయకుడు అని ఎవరూ తేల్చలేరు. కాలం ఆగదు అందులో, సెట్టింగ్స్‌లో వెయిట్ పెట్టుకుంటే కొంత ఊపిరి అందుతుంది. ఆ తర్వాత 9. ఇది 2000లో పాత ఆటలను తలుచుకుంటూ చేసిన ఆట, కాబట్టి రెండు మూడు పాతవి ఆడాకే దాని రుచి. అందులో వివి అనే పిల్లాడు కోసు టోపీ పెట్టుకుని, మొహమంతా నీడలో ఉండి, రెండు పసుపుపచ్చ కళ్లతో మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు నేను లేచి కూర్చున్నాను. 1లో నేను పేరు పెట్టి పెంచుకున్న నల్ల మాంత్రికుడి టోపీ అది. ఆ ఒక్క క్షణం కోసం 1 ఆడినందుకు బాధపడను. 2 ఆడినందుకు మాత్రం ఇప్పటికీ బాధపడుతున్నాను.

10లో చివరి అంకానికి ముందు, ఒక శిథిల నగరంలో, ఒక బాస్, అంటే పెద్ద శత్రువు, ఉంటుంది. పేరు చెప్తే కథ చెప్పినట్టవుతుంది, వద్దు. ఆమెకు ముందు చాలా పొడుగు సీన్ వస్తుంది, నేను ఆడిన వెర్షన్‌లో దాన్ని దాటేయడం కుదరలేదు. పోరాటంలో ఆమె మనవాళ్లని జాంబీలుగా మారుస్తుంది, మందు వేస్తే ఎదురు తిరుగుతుంది. నేను శుభ్రంగా అందరికీ జాంబీ రోగం నయం చేసి, ఒళ్లు తుడిచి, నిలబెట్టాను. ఆమె మూడో రూపం ఎత్తగానే ఒక్క మంత్రంతో ముగ్గురూ పోయారు. ఆ మంత్రం జాంబీలను ఏమీ చేయదట. మళ్లీ మొదటి నుంచి ఆ సీనంతా. నాలుగోసారికి ఆ డైలాగులు నాకు కంఠతా వచ్చేశాయి. మీరు అక్కడికి చేరినప్పుడు ఒకరిద్దర్ని జాంబీలుగానే వదిలేయండి.