లౌజిట్స్ సరస్సుల దారి పడుతున్న మేనకోడలికి

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సెప్టెంబరులో నాలుగు రోజులు ఒక్కదానివే తూర్పు జర్మనీలోని లౌజిట్స్ సరస్సుల మధ్య, మట్టి, కంకర దారుల మీద నడిచే గ్రావెల్ సైకిల్ తొక్కబోతున్నావట. వినగానే ఎంత గర్వపడ్డానో, ఆ వెంటనే అంత గుబులు పట్టుకుంది. అందుకే ఉత్తరం పొడుగైంది, ఓపికగా చదువు.

మీ అమ్మ భయమంతా తోడేళ్ళ గురించే. జర్మనీలో తుడిచిపెట్టుకుపోయిన తోడేళ్ళు 2000లో మళ్ళీ పిల్లలు పెట్టింది ఆ ప్రాంతంలోనే. అయితే అవి మనిషి అలికిడికి తప్పుకుంటాయి. ఎదురుపడితే సైకిల్ దిగి నిలబడి గట్టిగా మాట్లాడు, వెనక్కి తిరిగి పరుగెత్తకు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. నా భయం మటుకు నేల గురించి. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు చిన్నవి అయిపోనీ.

హెల్మెట్ పెట్టుకో. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, బెల్ అక్కడ చట్టం అడిగేవి, తీసేయకు. రీజనల్ రైల్లో సైకిల్‌కు వేరే టికెట్ కొనాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే తిండి కొనిపెట్టుకో. సాయంత్రం కాళ్ళు, మోకాళ్ళ వెనక పిడుజుల కోసం వెతుక్కో. అవి తెచ్చే మెదడువాపుకు టీకా ఉంది, డాక్టర్‌ను ఇప్పుడే అడుగు, డోసుల మధ్య వారాలు పడుతుంది.

టైర్ల దగ్గర మాత్రం తొందరపడకు. సరస్సుల చుట్టూ వేసిన దారులు చాలావరకు తారువే, జెన్ఫ్టెన్‌బెర్గ్ సరస్సు చుట్టు 18 కిలోమీటర్లూ నున్నగా సాగిపోతాయి. ఆ సుఖం చూసి 35 మిల్లీమీటర్ల టైర్లతో వచ్చినవాళ్ళు పైన్ అడవిలోకి తిరగ్గానే దిగి నడుస్తారు. అక్కడిది సన్నని పొడి ఇసుక, వానల్లేని వారం గడిస్తే మడమ లోతు దిగుతుంది. కనీసం 45 మిల్లీమీటర్ల టైర్లు వేసుకో. నీ బరువుకు, రెండు చిన్న సంచులకు, ట్యూబ్‌లెస్ అయితే గాలి ముందు 1.7 బార్, వెనక 1.9. ట్యూబులు ఉంటే రెండింటికీ 0.3 కలుపు. ఇసుక ఎక్కువగా ఉన్న రోజున ముందు 1.4, వెనక 1.5 దాకా దించొచ్చు. చిల్లులు పూడ్చే ద్రవం సీలెంట్ టైరుకు 60 మిల్లీలీటర్లు, బయలుదేరే ముందు కొత్తది పోసుకో. కిందటి వేసవిలో పోసింది ఈపాటికి ఎండి ఉంటుంది.

దించిన గాలి మళ్ళీ నింపడం మరిచిపోతారు, రిమ్ములు పోయేది అక్కడే. అడవి ఇసుక దాటగానే పాత తూర్పు జర్మనీ కాలపు కాంక్రీటు పలకల దారి వస్తుంది. చక్రాలు నడిచేచోట రెండు వరుసల పలకలు, మధ్యలో గడ్డి. పలకకూ పలకకూ మధ్య అంచు లేచి ఉంటుంది. 1.4 బార్‌తో ఆ అంచుకు తగిలితే టైరు రిమ్ముకు నొక్కుకుపోతుంది, ట్యూబ్ ఉంటే పక్కపక్కన రెండు చిల్లులు. గేజ్ ఉన్న పంపు తీసుకెళ్ళు. పలకలు కనిపించగానే ఆగి గాలి కొట్టు, బద్ధకించకు.

ఇసుకలోకి దిగే ముందే గేరు తగ్గించు, దిగాక కాదు. వెనక్కి జరిగి కూర్చో, చేతులు వదులుగా పెట్టు, కాళ్ళు మాత్రం ఆపకు. ముందు చక్రం అటూ ఇటూ పోతుంది, పోనీ. ముందు బ్రేకు పట్టావంటే చక్రం పాతుకుపోయి నువ్వు హ్యాండిల్ మీదుగా వెళ్తావు.

గొలుసుకు నూనె కాదు, మైనం పుయ్యి. ఆ ఇసుక క్వార్ట్జ్, నూనెకు అంటుకుంటే గొలుసునూ గేరు పళ్ళనూ అరగదీస్తుంది. రోజూ సాయంత్రం పొడిగుడ్డతో తుడువు. ఒక ట్యూబు, టైరు చిల్లుల్లో దూర్చే ప్లగ్గులు, గొలుసు లింకు, గేరు మార్చే డిరైల్యూర్‌ను నీ ఫ్రేముకు తగిలించే హ్యాంగర్ ముక్క సంచిలో ఉండాలి. హ్యాంగర్ ఏ మోడల్‌కు ఆ మోడలే, పల్లెల్లో దొరుకుతుందని ఆశపెట్టుకోకు.

ఇక నేల సంగతి. నిదానంగా చదువు.

నువ్వు చూడబోయే సరస్సులు చాలావరకు లిగ్నైట్ అనే గోధుమరంగు బొగ్గు తవ్విన గుంతలు. బొగ్గు మీది ఇసుకను బ్రహ్మాండమైన వంతెన యంత్రాలు ఒక పక్కన తవ్వి రెండో పక్కన కుమ్మరించేవి. లిష్టర్‌ఫెల్డ్‌లో ఎఫ్60 అని అలాంటిదొకటి నిలబెట్టి ఉంచారు, 502 మీటర్ల పొడవు. తప్పకుండా ఎక్కి చూడు. అలాంటి యంత్రాలు పోసిన ఇసుకను ఎవరూ అదమలేదు. తవ్వకం సాగినన్నాళ్ళూ పంపులతో భూగర్భజలాన్ని కిందే ఉంచారు గనుక అది పొడిగా నిలిచింది. గనులు మూతపడ్డాయి, పంపులు ఆగాయి, నీరు పైకి వచ్చింది. ఇప్పుడది తడిసిన వదులు ఇసుక. డబ్బాలో పోసిన బియ్యాన్ని తట్టి చూడు, ఎంత దిగుతాయో. గింజల మధ్య గాలికి బదులు నీరుంటే దిగడానికి చోటుండదు. బరువంతా నీటి మీద పడి ఇసుక మొత్తం ఒక్కసారిగా ద్రవంలా కదిలిపోతుంది. అందుకు పెద్ద భూకంపమేమీ అక్కర్లేదు.

2010 అక్టోబరులో స్ప్రీటాల్ ప్రాంతంలో, బెర్గెన్ ఊరి దగ్గర ఇలాగే జరిగింది. గొర్రెలు, లారీలు మునిగిపోయాయి. అది సరస్సు గట్టు కాదమ్మా. ఒడ్డుకు దూరంగా, పచ్చగా, చదునుగా, పని పూర్తయిందనుకున్న నేల. ఆ తర్వాత అలా ఇసుక పోసి నింపిన లోపలి భూములు ఎన్నో మళ్ళీ మూసేశారు. గనుల భూమిని బాగుచేసే ప్రభుత్వ సంస్థ ఎల్‌ఎంబీవీ ఇప్పటికీ వాటిని ఒక్కో ముక్క చొప్పున అదుముతూ వస్తోంది. ఒడ్ల పొడవునా కంపించే కడ్డీలను లోతుగా దించి ఇసుకను గట్టిపరుస్తారు. కొన్నిచోట్ల భూమి లోపల మందుగుండు పేలుస్తారు. తెరిచిన దారి గట్టిపరిచిన నేల మీద ఉంటుంది, దాని పక్క పొలం అలా గట్టిపడి ఉండాలని లేదు.

అక్కడికి వచ్చేవాళ్ళు ఏళ్ళ తరబడి ఒకే తప్పు చేస్తున్నారు, ఫోన్‌లో ఎవరో ఎక్కించిన గీతను నమ్ముతున్నారు. ఒకడు అడ్డుకర్ర కిందుగా సైకిల్ దూర్చి అవతలికి క్షేమంగా చేరతాడు, ఆ దారిని అందరికీ పంచుతాడు. తర్వాతి పదిమంది ఆ గీత పట్టుకుని వెళ్తారు, నేల మీద చక్రాల జాడ పడుతుంది. పదకొండోవాడికి అది దారిలాగే కనిపిస్తుంది. యాప్‌లో అక్కడ గీత మరింత ఎర్రగా మెరుస్తుంది. కానీ భూగర్భజలం ఏడాదికేడాదికి మారుతుంది. పొడి సంవత్సరంలో పదిమంది దాటారంటే తడి సంవత్సరంలో నువ్వు దాటతావని కాదు. అక్కడ ఎంతమంది వెళ్ళొచ్చినా అది సాక్ష్యం కాదు.

నిన్ను నాకు తెలుసు. చిన్నప్పుడు అటు వెళ్ళొద్దని చెప్పిన సందులోకే సైకిల్ తిప్పేదానివి. నీ కుతూహలమంటే నాకు ప్రాణం, దాన్ని నేనెప్పుడూ తిట్టలేదు. ఈ ఒక్క విషయంలో తిడతాను. హెచ్చరిక బోర్డుల మీది మూడు జర్మన్ మాటలు బట్టీపట్టు. బెట్రేటెన్ ఫెర్‌బోటెన్ అంటే అడుగుపెట్టరాదు. లేబెన్స్‌గెఫార్ అంటే ప్రాణాపాయం. ష్పెర్‌బెరైష్ అంటే మూసిన ప్రాంతం. ఈ మూడింట్లో ఏది కనిపించినా, అవతల దారి ఎంత అందంగా ఉన్నా, చుట్టుతిరుగుడు ఇరవై కిలోమీటర్లయినా, వెనక్కి తిరుగు. ఎల్‌ఎంబీవీ మూసిన ప్రాంతాల పటాలు ప్రచురిస్తుంది. నీ గీతను వాటి మీద పెట్టి చూసుకో. అడ్డుకర్ర లేకపోయినా నేలలో కొత్త పగుళ్ళు, చదునులో ఉన్నట్టుండి తడి మరక, గిన్నెలా కుంగినచోటు, ఒకే దిక్కుకు ఒరిగిన లేత చెట్లు కనిపిస్తే వచ్చిన జాడలోనే వెనక్కి రా, 112కు ఫోన్ చెయ్యి. ఇసుక అంచు మీద నిలబడి ఫొటో దిగకు, అలలు దాని కింద తొలిచేసి ఉంటాయి. ఈత కూడా అనుమతి ఉన్న బీచ్‌లలోనే.

నీళ్ళ గురించి ఒక మాట. ఆ సరస్సుల నీరు కొన్నిచోట్ల అద్దంలా ఉంటుంది. శుభ్రత వల్ల అనుకోకు. తవ్వకంలో గాలి సోకిన పైరైట్ అనే ఇనుము, గంధకం ఖనిజం ఆమ్లంగా మారి నీటిలో దిగింది, సున్నం వేయకముందు కొన్ని సరస్సుల్లో పీహెచ్ 3 దగ్గర ఉండేది. కాలువల్లో తుప్పు రంగు బురద కనిపిస్తే అది ఇనుము. చేతిపంపు ఫిల్టర్ క్రిములను ఆపుతుందేగాని కరిగిన సల్ఫేటును ఆపదు. అందుకని పొద్దున్నే 3 లీటర్లు నింపుకుని బయలుదేరు. పల్లె శ్మశానాల్లో కుళాయిలుంటాయి, ట్రింక్‌వాసర్, అంటే తాగునీరు, అని రాసి ఉంటేనే తాగు.

దారి ఇలా పెట్టుకుంటే బాగుంటుందని నా ఆలోచన. జెన్ఫ్టెన్‌బెర్గ్ స్టేషన్‌లో దిగు. కోషెన్ కాలువ పక్కగా గైయర్స్‌వాల్డే సరస్సుకు వెళ్ళు. 2013లో తెరిచిన ఆ కాలువ నది కిందుగానూ రోడ్డు కిందుగానూ పోతుంది, ఆగి చూడదగ్గది. అక్కడినుంచి జెడ్‌లిట్స్ సరస్సు దగ్గరి తుప్పు రంగు ఉక్కు గోపురం ఎక్కు, 30 మీటర్లు. పైనుంచి చూస్తే మర్నాటి దారి అర్థమవుతుంది. రాత్రి గ్రోస్‌రేషెన్‌లో. రెండో రోజు పడమరగా ఎఫ్60కి. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, సరస్సుల మీద అడ్డూ ఆపూ ఉండదు. అందుకే ఎదురుగాలి రోజు చిన్నదిగా ఉంచి, మూడో రోజు తూర్పుగా కొట్‌బుస్ దాకా పొడుగు రోజు పెట్టుకో. దారిలో వెల్ట్సో దగ్గర ఇంకా తవ్వుతున్న గని ఉంది, చూసే వేదిక నుంచే చూడు. నాలుగో రోజు కొట్‌బుస్ ఓస్ట్‌జే అనే సరస్సు. అక్కడ 2015లో తవ్వకం ఆపారు, 2019లో నీళ్ళు వదలడం మొదలుపెట్టారు. ఒడ్డు ఇంకా కుదుటపడుతున్నదే, కాబట్టి పైన చెప్పినదంతా అక్కడ మరీ గట్టిగా పాటించు.

అడవి మంటల హెచ్చరిక రోజూ పొద్దున చూడు. అత్యధిక స్థాయి 5. ఆ రోజు అడవి మూసేయొచ్చు, అప్పుడు తారు దారే పట్టు.

నీ దారి ఫైలు శుక్రవారంలోగా నాకు పంపు. మూసిన ప్రాంతాల పటం మీద నేనూ ఒకసారి పెట్టి చూస్తాను. ఎక్కడైనా తేడా ఉంటే ఎర్ర గీత గీసి పంపుతాను, అప్పుడు వాదించకు తల్లీ.

ఆశీస్సులతో,
మీ మావయ్య