ఆకలిగొన్న ఎలుకకు తెలివి వచ్చిందని రాసేముందు

అనంతపురం

బుజ్జీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నీ ప్రయోగం ప్లాను ఆరు పేజీలూ ఫోన్లో చదవలేక టవర్‌క్లాక్ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. రెండుసార్లు చదివాను. మీ పెద్దమ్మ మొదటి పేజీ చూసి "పాపం, వాటిని పస్తు పెడతారా" అని పక్కన పెట్టేసింది. ఆమె మాట తీసిపారేయొద్దు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

చిట్టెలుకల్ని 24 గంటలు పస్తు ఉంచి, మేజ్‌లో, అంటే మలుపుల దారుల పెట్టెలో, చెనక్కాయ పప్పు ముక్క పెట్టి దారి నేర్పిస్తానన్నావు. పస్తున్నవి తొందరగా నేర్చుకుంటే, వాటి రక్తంలో ఆకలి పుట్టించే హార్మోన్ గ్రెలిన్ ఎక్కువుంటే, గ్రెలిన్ జ్ఞాపకశక్తిని పెంచిందని రాస్తానన్నావు. ఆ ఒక్క వాక్యం గురించే నా జాబంతా.

ఆకలి రుచెరగదంటారు కదా. పస్తున్న ఎలుక పప్పు కోసం పరుగెత్తుతుంది. కడుపు నిండినది మలుపు దగ్గర కూర్చుని మీసాలు దువ్వుకుంటుంది. దారి తెలియక కాదు, పని లేక. పొద్దున్నే రెండు ప్లేట్లు ఉగ్గాని తిన్న పిల్లవాడు వంటింట్లోకి రాలేదంటే వంటిల్లు ఎక్కడుందో మరిచిపోయాడని రాస్తామా? నీ స్టాప్‌వాచ్ మాత్రం ఆ రెండో ఎలుకను మొద్దు కిందే లెక్కేస్తుంది.

గ్రెలిన్‌కు జ్ఞాపకంతో సంబంధం లేదని నేననడం లేదు. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా వాళ్లు దాన్ని ఎలుక పొట్టలోంచి తీశారు. 2006లో హోర్వత్ బృందం అది మెదడులో జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్‌కు చేరుతుందని, అక్కడ నాడీకణాల మధ్య కొత్త అతుకులు పెంచుతుందని చూపించింది. గ్రెలిన్ జన్యువు తీసేసిన ఎలుకల్లో ఆ అతుకులు తక్కువ, జ్ఞాపకం పరీక్షలో అవి వెనకబడ్డాయి. గ్రెలిన్ ఇస్తే రెండూ కోలుకున్నాయి. ఇక్కడ వాళ్లు చేసింది గమనించు. హార్మోన్‌ను విడిగా ఇచ్చారు. నువ్వు పస్తు పెడుతున్నావు. పస్తు పెడితే గ్రెలిన్ ఒక్కటే రాదు. ఇన్సులిన్ పడిపోతుంది, కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ పడిపోతుంది, భయంలో, ఒత్తిడిలో ఊరే కార్టికోస్టెరోన్ లేస్తుంది. పస్తున్న ఎలుకలకు లెప్టిన్ ఇస్తే ఆ కార్టికోస్టెరోన్ అంతగా లేవదని 1996లోనే తేలింది. అంటే ఆకలి, భయం ఒకే తాడుకు కట్టిన రెండెద్దులు. ఒకటి కదిలితే రెండోది కదులుతుంది.

ఆ రెండో ఎద్దు చేసే పని కూడా సూటిగా ఉండదు. 1908లో యర్క్స్, డాడ్సన్ చిట్టెలుకలకు కరెంటు షాకు పెడుతూ పాఠం నేర్పారు. పాఠం కష్టమైనప్పుడు ఓ మోస్తరు షాకుకే బాగా నేర్చుకున్నాయి. షాకు మరీ పెరిగితే వెనకబడ్డాయి. నీ ఎలుకలు ఆ ఎక్కుదిగుల్లో ఎక్కడున్నాయో తెలియకుండా ఒక్క హార్మోన్‌కు మాల వేయకు.

అందుకని ఇలా చెయ్యి. నేర్పేటప్పుడు అన్నిటికీ ఒకే ఆకలి ఉండనీ. నేర్పడం అయ్యాక సగం ఎలుకలకు తిండి పెట్టు, సగాన్ని కొన్ని గంటలు ఆపు. పరీక్ష రోజుకు మళ్లీ అన్నీ ఒకే ఆకలితో రావాలి. అప్పుడు తేడా కనబడితే అది పప్పు మీద యావ కాదు. తిండి ఊసే లేని పరీక్ష ఒకటి కూడా పెట్టు. తెలిసిన వస్తువు పక్కన కొత్త వస్తువు ఉంచి, దేన్ని ఎంతసేపు వాసన చూస్తుందో లెక్కపెట్టేది చాలు. డబ్బులుంటే ఇంకో రెండు గుంపులు: కడుపు నిండి గ్రెలిన్ తీసుకున్నవి, పస్తుండి గ్రెలిన్ రిసెప్టర్‌ను, అంటే కణం మీద అది అతుక్కునే చోటును, అడ్డుకునే మందు తీసుకున్నవి. ఈ రెండూ లేకుండా "వల్ల" అనే మాట రాయొద్దు. "తో పాటు" అని రాసుకో.

నాకీ చాదస్తం ఊరికే రాలేదు. ఒకసారి మూడు నెలలు కష్టపడి పస్తు గుంపులో కార్టికోస్టెరోన్ బాగా ఎక్కువుందని చార్టు గీసి అందరికీ చూపించాను. తర్వాత రిజిస్టర్ తిరగేస్తే పస్తువాటి రక్తం సాయంత్రం నాలుగున్నరకు, మిగతావాటిది పొద్దున తొమ్మిదికి తీశానని తేలింది. చిట్టెలుకల్లో ఆ హార్మోన్ పొద్దున అడుగున ఉంటుంది, దీపాలు ఆరే వేళకు పైకి లేస్తుంది. మూడు నెలలు నేను కొలిచింది గోడ గడియారాన్ని! ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇంకోటి, కేజ్ కదిపిన మూడు నిమిషాల్లోపు రక్తం తీయకపోతే నీ చేతి భయమే రక్తంలో కనబడుతుంది. ఒకే కేజ్‌లోంచి వరసగా తీస్తే నాలుగో ఎలుక అంకె ఎప్పుడూ పెద్దదే. వరస మార్చు. హార్మోన్ కొలిచే కిట్ కొనేటప్పుడు మనుషుల్లో కొలిచే కార్టిసాల్ కాదు, కార్టికోస్టెరోన్ అని సరిచూసుకో.

తోక పట్టి ఎత్తొద్దు. మా రోజుల్లో అందరం అలాగే ఎత్తేవాళ్లం. గొట్టంలోకి రానిచ్చి గానీ, దోసిట్లో గానీ ఎత్తితే బెదురు తగ్గుతుందని 2010లో హర్స్ట్ వాళ్లు చూపించారు. మగవాళ్ల వాసనకే ఎలుకలు బెదురుతాయని 2014లో ఇంకో మాట వచ్చింది. ముప్పై ఏళ్ల నా లెక్కల్లో నా చొక్కా వాటా ఎంతో!

ఇక పస్తు. 24 గంటలంటే మనకు ఒక ఏకాదశి. పాతిక గ్రాముల చిట్టెలుకకు అది కరువు. అది తినేదే ఎక్కువగా రాత్రిపూట, ఒక్క రాత్రి తిండి తీసేస్తేనే బరువులో పదో వంతు దాకా పోతుంది. మనం చల్లగా ఉంచే 22 డిగ్రీల గదిలో పస్తున్నది ఒళ్లు చల్లబరుచుకుని ముడుచుకుపోతుంది కూడా. దాన్ని మేజ్‌లో పెట్టి "నేర్చుకోలేదు" అంటే తప్పు ఎవరిది? ఒక్కసారిగా ఆపకుండా తిండి తగ్గిస్తూ సొంత బరువులో 85, 90 శాతం మధ్య నిలబెట్టు. రోజూ ఒకే వేళ తూకం వెయ్యి. నీళ్లు మాత్రం ఎప్పుడూ తీయొద్దు. పస్తు మొదలయ్యేటప్పుడు కేజ్ మార్చు, లేకపోతే పొట్టులో రాలిన ఫీడ్ పొడి తింటూ నీ పస్తు ఎలుకలు హాయిగా ఉంటాయి. చెనక్కాయ ముక్క నువ్వుగింజంత చాలు, అదీ రెండు రోజుల ముందే కేజ్‌లో వేసి రుచి చూపించు.

మీ పెద్దమ్మ మాట ఇక్కడికొస్తుంది. జంతువుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ కూడా అదే అడుగుతుంది: ఇన్ని గంటలెందుకు, ఇన్ని ఎలుకలెందుకు? నీ పేజీల్లో జవాబు లేదు. "అందరూ అలాగే చేస్తారు" అనొద్దు.

చిన్నవి మూడు. స్విస్ తెల్ల ఎలుకలైతే ముందు కంటిచూపు పరీక్షించు, వాటిలో కొన్ని వంశాలకు పుట్టుకతోనే చూపు పోయే లోపం ఉంటుంది. గోడ మీద గుర్తులు చూసి దారి పట్టాలంటే కళ్లుండాలి కదా. తీసిన రక్తంలో గ్రెలిన్ తొందరగా చెడిపోతుంది. ట్యూబులో ఆ చెడిపోవడాన్ని అడ్డుకునే మందు ముందే వేసి ఉంచు, ఐస్ మీద పెట్టు, కణాలు తీసేసి ప్లాస్మా వేరు చేశాక దానికి యాసిడ్ కలుపు. మే నెలలో మొదలుపెట్టకు. ఇక్కడి ఎండకు ఏసీ ఒక్క మధ్యాహ్నం ఆగినా ఎలుకలు తిండి మానేస్తాయి, నీ రెండు గుంపులూ పస్తు గుంపులే అవుతాయి.

ఆరు పేజీల్లో దీపాలు ఎన్నింటికి ఆరుతాయో, మేజ్ ఎన్నింటికో, రక్తం ఎన్నింటికో ఒక్కచోట కూడా లేదు. ముందు అవి మూడూ ఒక కాగితం మీద రాసి పంపు. మిగతాది ఆదివారం వచ్చినప్పుడు మాట్లాడదాం.

మీ పెద్దనాయన